కొండ వాటా

లెడ్‌విల్, కొలరాడో
అక్టోబర్ 14, 1956

వెర్నాకి,

మీ అన్నయ్య ఉత్తరం రాస్తాడని కూర్చుంటే నీకు క్రిస్మస్‌కి కూడా కబురందదు. అందుకని వదినననే హోదాలో నేనే కలం పట్టాను.

అత్తయ్యగారి కంటి ఆపరేషన్ మంగళవారం అయింది. రెండు కళ్ళకీ కట్టు కట్టి, తల కదపకుండా పడుకోమన్నారట. "పడుకోమంటే పడుకుంటాను గానీ మాట్లాడొద్దంటే మాత్రం లేచి బస్సెక్కేస్తాను" అన్నారట డాక్టరుతో. కాబట్టి బాగానే ఉన్నారనుకో. డిసెంబర్ మధ్య వరకూ డెన్వర్‌లో మీ పెద్దమ్మగారి ఇంట్లోనే ఉంటారు. వెళ్ళేముందు నాతో, "ఈసారికి రొట్టెలు లేవులేమ్మా, ఊరు అర్థం చేసుకుంటుంది" అన్నారు. అన్నారే గానీ, సామాన్ల గదిలో పేర్చి ఉన్న, రొట్టెలు కాల్చే కాఫీ డబ్బాల్ని ఒకసారి చేత్తో తడిమి వెళ్ళారు. అది నేను చూశాను.

అందుకని ఒకటి అనుకున్నాను. ఏటా క్రిస్మస్‌కి ఆవిడ ఊళ్ళో పంచే ఆ ఖర్జూరం రొట్టెలు ఈసారి నేను చేస్తాను. ముప్పై ఒక్క ఇళ్ళకీ నేనే ఇచ్చొస్తాను. అత్తయ్యగారికి ముందే చెప్పకు, వచ్చాక తెలియాలి. ఆ వంట రాసిన అసలు చీటీ నీ దగ్గరుందని మీ అన్నయ్య అన్నాడు. నకలు రాసి పంపుతావా?

నేను పెళ్ళై వచ్చి నాలుగు నెలలైంది. ఇక్కడ నా వంట ఇంకా ఎవరూ తిన్నది లేదు. అత్తయ్యగారు ఉండగా గరిట నా దాకా రాలేదు, ఇప్పుడు వచ్చిందంటే చిక్కుడు గింజలు మూడు గంటలు ఉడికినా రాళ్ళలాగే ఉంటున్నాయి. మా గాల్వెస్టన్‌లో సముద్రం పక్కన గంటన్నరకి మెత్తబడేవి. ఈ ఊరి నీళ్ళకి మరగడం చేతకాదేమో. మీ అన్నయ్య నవ్వి, "పళ్ళున్నంత కాలం పరవాలేదు" అంటున్నాడు.

నన్ను మీరు అనడం మానేసి నువ్వు అనొచ్చు. పెళ్ళిలోనే చెప్పాను.

ఇమొజీన్

గ్రీలీ, కొలరాడో
అక్టోబర్ 20, 1956

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. అమ్మ గురించి రాసినందుకు కృతజ్ఞతలు. రొట్టెలు చెయ్యాలని మీకు తోచడం చాలా మంచి విషయం. నాకైతే తోచేది కాదు. నాకు అది తోచవలసిన పని కాదు గనక. నాకు తొమ్మిదేళ్ళప్పటి నుంచీ పీట ఎక్కి అమ్మ పక్కన నిలబడేది నేనే. నాన్న గనిలో పోయిన ఏడు కూడా అమ్మ ఆపలేదు. నల్లబట్టల్లోనే కలిపింది. నేను డబ్బాలకి వెన్న రాశాను. ఆ సంవత్సరం రొట్టె తీసుకున్న వాళ్ళందరూ రెండు చేతులతో పట్టుకున్నారు. మీకు ఇదంతా తెలియదు కదా, అందుకని రాస్తున్నాను.

ఈ వారం మా సాహిత్యం తరగతిలో 'వారసత్వం' అన్న మాట మీద గంటసేపు చర్చ జరిగింది. వారసత్వం ఇస్తే వచ్చేదా, అడిగితే వచ్చేదా అని టీచరు అడిగారు. నేను చెయ్యి ఎత్తలేదు గానీ నోటుపుస్తకంలో ఒక పేజీ రాసుకున్నాను.

చీటీ మా అమ్మమ్మ మిచిగన్ నుంచి తెచ్చుకున్నది. నేను కాలేజీకి వచ్చేటప్పుడు అమ్మ నా పెట్టెలో అడుగున పెట్టింది. దాన్ని పోస్టులో పంపడానికి మనసొప్పలేదు. నకలు ఇదిగో. ఖర్జూరం ఒక పౌండు, గింజలు తీసి తరగాలి. దాని మీద వంటసోడా రెండు చెంచాలు చల్లి, మరిగే నీళ్ళు రెండు కప్పులు పొయ్యాలి. చల్లారాక చక్కెర రెండు కప్పులు, వెన్న రెండు పెద్ద చెంచాలు, గుడ్లు రెండు, మైదా నాలుగు కప్పులు, వాల్‌నట్ పప్పు ఒక కప్పు. డబ్బా సగానికే నింపాలి. గంటా పది నిమిషాలు. చల్లారాక మైనం కాగితంలో చుట్టి, ఒక రోజు ఆగి, ఎర్ర రిబ్బను కట్టాలి.

డిసెంబర్ రెండో శనివారం పంచాలి. తర్వాతైతే పై వీధులు మంచుతో మూసుకుపోతాయి.

ఒక్క మనవి. ఇరుగుపొరుగుని అడగకండి. ముఖ్యంగా కోచెవర్ మామ్మగారిని. ఇది మా ఇంటి రొట్టె. బయటికి పొక్కితే అమ్మ బాధపడుతుంది.

వెర్నా ట్రెంబాత్

లెడ్‌విల్
నవంబర్ 4

వెర్నాకి,

నీ చీటీ వంటింటి గోడకి గుచ్చాను. మీ నాన్నగారి ఏడాది గురించి రాసింది రెండుసార్లు చదివాను. మీ అన్నయ్య ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే లేచి బొగ్గు తేవడానికి వెళ్ళిపోయాడు.

నిన్న ఒక విడత చేసి చూశాను. చీటీలో ఉన్నది ఉన్నట్టు. సోడా మీద నీళ్ళు పోస్తే బుసబుస నురగొచ్చింది. చూడ్డానికి భలే ఉంది. ఓవెన్‌లో పెట్టిన పావుగంటకే మాడు వాసన. పిండి డబ్బాల్లోంచి పొంగి కిందికి కారిపోయింది. చల్లారేసరికి నాలుగు రొట్టెలూ నడుమ గుంటలు పడి కూలబడ్డాయి. కప్పు నీళ్ళు పోస్తే నిలిచేటంత గుంటలు. కోసి చూస్తే లోపల జిగురు. మీ అన్నయ్య ఒక ముక్క తిని, "మా అమ్మది పైకి చూసేది, నీది లోపలికి చూస్తోంది" అన్నాడు. తర్వాత జాలిపడి రెండో ముక్క కూడా తిన్నాడు. జాలి లేకపోయినా బాగుండేది.

నేనేం తప్పు చేశాను? నువ్వు చిన్నప్పటి నుంచీ చూశావు కదా, ఎక్కడ పాడైందో నీకు ఇట్టే తెలుస్తుంది. నువ్వు అడగొద్దన్నావని కోచెవర్ మామ్మగారి ఇంటి వైపు కూడా చూడలేదు. ఆవిడ గోడ మీంచి, "ఏంటో మాడు వాసనొస్తోంది, ఇల్లు తగలబెడుతున్నావా పిల్లా?" అంటే బొగ్గు అని చెప్పాను.

మీ ఎర్ర గళ్ళ ఏప్రన్ కట్టుకున్నాను. తలుపు వెనక వేలాడుతోంది, పరవాలేదు కదా?

ఇమొజీన్

గ్రీలీ
నవంబర్ 8

వదినగారికి,

రొట్టె కూలబడిందంటే మధ్యలో ఓవెన్ తలుపు తీసి చూసి ఉంటారు. అలవాటు లేనివాళ్ళు అలా చూస్తారు. లేదా పిండి మరీ ఎక్కువ కలిపి ఉంటారు. లేదా అది ఓవెన్‌లో ఉండగా మా అన్నయ్య హార్లన్ గని బూట్లతో వంటింట్లో నడిచి ఉంటాడు. అమ్మ ఆ గంటసేపూ ఎవర్నీ అడుగు వెయ్యనిచ్చేది కాదు. కొంత చేతిలో కూడా ఉంటుందేమో. నాకు తెలియదు, నా చేతిలో ఎప్పుడూ కూలబడలేదు.

ఏప్రన్ నాదే. పదో పుట్టినరోజుకి అమ్మ కుట్టింది, రెండుసార్లు అంచు విప్పి పొడుగు చేసింది. కట్టుకోండి. పరవాలేదు.

హార్లన్ కూడా రాశాడు, మూడంటే మూడే వాక్యాలు. అందులో ఒకటి, మిమ్మల్ని జీన్ అంటూ, 'జీన్ నీ గదిలో కుట్టుమిషన్ పెట్టుకుంది, కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందట' అని. నిజమే, వెలుతురు బాగుంటుంది. నేను అక్కడే చదువుకునేదాన్ని.

ఇక్కడ నేను వారానికి పది కొత్త మాటలు నేర్చుకుంటున్నాను. 'స్థానభ్రంశం' అని ఒకటి నేర్చుకున్నాను. అర్థం నిఘంటువులో కంటే మీ ఉత్తరాల్లో బాగా తెలుస్తోంది.

వెర్నా

లెడ్‌విల్
నవంబర్ 25

వెర్నా,

ఇప్పటికి నాలుగు విడతలు చేశాను. తలుపు తియ్యలేదు. పిండి పన్నెండు తిప్పులు మాత్రమే తిప్పాను, లెక్కపెట్టి. మీ అన్నయ్యని గంటసేపు బయట నిలబెట్టాను, మంచులో. అతను కిటికీలోంచి సైగలు చేస్తూనే ఉన్నాడు. అయినా అదే గుంట. పదహారు రొట్టెలు, పదహారు గుంటలు. తప్పు నా చేతిదేనేమో అనిపిస్తోంది. నిన్న మీ అన్నయ్య, "పోనీలే, దుకాణంలో కొని కాగితం చుట్టేద్దాం" అన్నాడు. వెనక్కి తిరిగి నిలబడి ఏడ్చాను.

ఇంకా రెండు వారాలే ఉన్నాయి. నిజం చెప్పు, నువ్వు రాయడం మర్చిపోయిందేమైనా ఉందా?

ఇమొజీన్

గ్రీలీ
నవంబర్ 29

వదినగారికి,

చీటీలో ఉన్నదంతా పంపాను. ఒక్క అక్షరం కూడా వదల్లేదు. కావాలంటే నేను వచ్చినప్పుడు అసలుతో పోల్చి చూసుకోండి.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇంతకంటే రాయలేను.

వెర్నా

లెడ్‌విల్
డిసెంబర్ 11

వెర్నాగారికి,

పరీక్షలన్నారు కాబట్టి మీ సమయం ఎక్కువ తీసుకోను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

రొట్టెలు పంచాను. ఆ తర్వాత ఇంకో ఎనిమిది విడతలు చేశాను, అవీ కూలబడ్డాయి కాబట్టి వాటినే సరిచేశాను. పై అంచులు కత్తితో చదునుగా కోసి, గుంట అడుక్కి పోయేలా తలకిందులు చేసి, కాగితం చుట్టి రిబ్బను కట్టాను. అన్నిటి మీదా అట్టముక్క కట్టాను. 'ట్రెంబాత్ ఇంటి నుంచి, వెర్నా పంపిన చీటీ ప్రకారం' అని రాశాను. నా చేత్తో చేసినా మీ పేరు ఉంటే మీకు సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఊరు దాటి వచ్చిన కోడలు మీ చోటు లాక్కుందని అనిపించకూడదనుకున్నాను.

శనివారం మంచు మీద లాగే స్లెడ్జిలో పేర్చుకుని ముప్పై ఒక్క ఇళ్ళూ తిరిగాను. ఏడో వీధిలో మోకాలి లోతు మంచు. అందరూ మర్యాదగా పుచ్చుకున్నారు. పెన్‌హేల్ తాతగారు మాత్రం చేతిలో బరువు చూసి, "ఏవమ్మా, ఈసారి లోపల ఖర్జూరం బదులు గని రాయి పెట్టారా?" అన్నారు. నవ్వాను.

సోమవారం పొద్దున కోచెవర్ మామ్మగారు రొట్టె చంకన పెట్టుకుని వచ్చారు. బల్ల మీద ధన్‌మని పెట్టారు.

"ఇది ఎవరి పనే పిల్లా?"

"నాదేనండి. చీటీ చూసి చేశాను."

గోడ మీది చీటీ తీసి, దూరంగా పట్టుకుని చదివారు. "చీటీకేం, బానే ఉంది. కొండ వాటా తీశావా?"

"అదేంటండీ?"

ఆవిడ కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. తర్వాత నా సోడా డబ్బా తెరిచి, చెంచా నిండా తీసి, కత్తి వెనక వైపుతో సగం మళ్ళీ డబ్బాలోకే తోసేశారు. "ఇది కొండది. చక్కెరలో ఒక గుప్పెడు, అదీ కొండదే. పదివేల అడుగుల ఎత్తులో ఉన్నావమ్మాయ్. ఇక్కడ గాలి పల్చన. నిండు చెంచా వేస్తే పిండి తాగుబోతులా ఒక్క ఊపున లేచి అక్కడే చతికిలబడుతుంది" అన్నారు.

"చీటీలో లేదు కదండీ."

"ఎవరి చీటీలోనూ ఉండదు. అవన్నీ కింది ఊళ్ళ నుంచి తెచ్చుకున్నవి, పోయినవాళ్ళ చేతిరాతలు. మేం వాటి మీద కలం పెట్టం. నోటితో చెప్పుకుంటాం. ఇక్కడి ఆడపిల్లలకి నడకతో పాటే వస్తుంది. వెర్నాకి తొమ్మిదేళ్ళప్పుడు కత్తి పట్టడం చూపించింది నేనే. మరి నీకది చెప్పలేదూ?"

చీటీ వంక చూశాను. ఒక్క అక్షరం కూడా వదల్లేదు. మీరు అన్నది నిజమే.

"చెప్పిందండీ. నేనే మర్చిపోయాను" అన్నాను.

ఆవిడ రొట్టె తీసి మళ్ళీ చంకన పెట్టుకున్నారు. "కొండ వాటా మర్చిపోయేదానివి కొండ ఎందుకెక్కావే తల్లీ" అని వెళ్ళిపోయారు. సాయంత్రం దుకాణానికి వెళితే ఇద్దరాడవాళ్ళు మాటలాపేశారు. ఈ ఊళ్ళో ఇంతకాలం నాకు పేరు లేదు, హార్లన్ పెళ్ళాన్ని. ఇప్పుడు పేరొచ్చింది. కొండ వాటా మర్చిపోయిన పిల్ల.

అత్తయ్యగారు ఈ ఆదివారం వస్తున్నారు. మీకు తెలియజేయడం నా ధర్మం.

ఇమొజీన్ ట్రెంబాత్

గ్రీలీ
డిసెంబర్ 13

వదినా,

నువ్వు మర్చిపోలేదు. నేను చెప్పలేదు.

ఈ రెండు వాక్యాలు రాయడానికి ముందు నాలుగు కాగితాలు చింపాను. అన్నిట్లోనూ మంచి మాటలున్నాయి. 'అనుకోకుండా' అని ఒకదానిలో రాశాను. 'పరీక్షల ఒత్తిడిలో' అని ఇంకోదానిలో. మూడోదానిలో 'అసూయ' అని రాసి, కాస్త గౌరవంగా ఉంటుందని 'ఈర్ష్య' అని దిద్దాను. ఏది రాసినా చదువుతుంటే ఎవరో వేరే అమ్మాయి గురించి రాసినట్టుంది. ఆఖరికి దొరికిన మాట కుళ్ళు. ఇది నిఘంటువులో వెతకనక్కర్లేదు.

నువ్వు మొదటి ఉత్తరంలో గింజలు ఉడకట్లేదని రాసినప్పుడే నీకు ఏం తెలియదో నాకు తెలిసిపోయింది. నీళ్ళు అక్కడ తొందరగా మరుగుతాయి గానీ వేడి తక్కువ అని అప్పుడే ఒక ముక్క రాయొచ్చు. రాయలేదు. చీటీ నకలు రాస్తూ సోడా దగ్గర కలం ఆపాను. ఆపి, రెండు చెంచాలు అని రాశాను. అబద్ధం కాదు కదా అనుకున్నాను. మామ్మగారిని అడగొద్దన్నది అమ్మ బాధపడుతుందని కాదు. ఆవిడ ఒక్క నిమిషంలో చెప్పేస్తుందని. తలుపు, బూట్లు, అవి మాత్రం అచ్చమైన అబద్ధాలు. హార్లన్ మంచులో నిలబడ్డాడని చదివి నవ్వాను కూడా. తర్వాత చూస్తే నువ్వు ఏడ్చావని ఉంది. ఆ ఉత్తరం మడిచి పుస్తకం కింద పెట్టేశాను.

ఎందుకంటే, మా ఇంట్లో కలిపేది అమ్మ. డబ్బాలకి వెన్న ఎవరైనా రాయగలరు. కత్తి వెనక వైపుతో కొండ వాటా తీసేది నేను. నాన్న పోయిన ఏడు సోడా కొలవబోయి అమ్మ చెంచా నా చేతిలో పెట్టింది. "నువ్వు తియ్యి" అంది. అప్పటి నుంచీ అది నా పని. నీకు చెప్పేస్తే ఇక ఇంట్లో నాకు ఏ పనీ మిగలదనిపించింది. ఏప్రన్ నువ్వు కట్టుకున్నావు, గది నువ్వు తీసుకున్నావు, అమ్మ నిన్ను జీన్ అంటోంది. ఇది ఒక్కటీ నా దగ్గర ఉండనీ అనుకున్నాను.

నా పేరు నువ్వు అట్టముక్కల మీద రాశావు. ముప్పై ఒక్కసార్లు రాశావు. అందుకని నేనూ రాశాను. నిన్న ముప్పై ఒక్క పోస్టు కార్డులు తెచ్చి, ఇళ్ళు వరసగా గుర్తు తెచ్చుకుని రాశాను. మొదటి కార్డులో పన్నెండు వాక్యాలున్నాయి, మా సాహిత్యం టీచరు మెచ్చుకునేలా ఉన్నాయి. పదో కార్డుకి చెయ్యి నొప్పెట్టి ఐదు వాక్యాలయ్యాయి. ముప్పై ఒకటో కార్డు కోచెవర్ మామ్మగారిది. అందులో ఒకటే ఉంది. 'వదినకి కొండ వాటా సంగతి నేను చెప్పలేదు.' అదే బాగుందనిపించింది. మిగతా ముప్పైనీ చింపి, మళ్ళీ ముప్పై కొని తెచ్చి, అన్నిట్లోనూ అదే రాశాను. పోస్టులో వేసి వచ్చాకే నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను, మళ్ళీ మనసు మారకుండా.

శుక్రవారం, ఇరవై ఒకటిన, బస్సుకి వస్తాను. వద్దంటే ఇక్కడే ఉంటాను. హాస్టల్ తెరిచే ఉంటుంది.

వెర్నా

లెడ్‌విల్
డిసెంబర్ 17

వెర్నా,

వాటిని కవర్లలో పెట్టాలని తోచలేదా నీకు? పోస్ట్‌మాన్ డఫీ సంచీలో తెరిచి ఉన్న ముప్పై ఒక్క కార్డులు. అతను ముందు మూడు చదివాడట. మిగతావీ అవేనని తెలిసి, పదో ఇంటి నుంచి కార్డు ఇవ్వకముందే నోటితో అప్పజెప్పడం మొదలుపెట్టాడు. శనివారం మధ్యాహ్నానికి ఊరంతా అయిపోయింది. దుకాణంలో ఆ ఇద్దరాడవాళ్ళూ మళ్ళీ మాటలాపేశారు, ఈసారి నాకు కుర్చీ వెయ్యడానికి.

కోచెవర్ మామ్మగారు నీ కార్డు పట్టుకుని వచ్చారు. "నీకు అబద్ధమాడటం రాదని సోమవారమే తెలుసు. అది కుళ్ళుబోతు, నువ్వు మొండిదానివి. ఒక ఇంటికి ఇద్దరు చాలు" అన్నారు. పక్కన నిలబడి నా చేత ఒక విడత చేయించారు. చెంచా సగం తోసేశాను, గుప్పెడు చక్కెర తీశాను. నాలుగు రొట్టెలూ నిటారుగా లేచి, గుండ్రంగా నెత్తిన చీలి, అలాగే నిలబడ్డాయి. నేను ఓవెన్ ముందు నేల మీద కూర్చుండిపోయాను.

నాకు కోపం పోలేదు. అది కూడా రాయాలి కదా. ఐదు వారాల పాటు నా చేతుల్నే తిట్టుకున్నాను. అది నీ ఒక్క ఉత్తరంతో తీరేది కాదు. నువ్వు ఎలాగూ వస్తున్నావు, కోపం అప్పుడు పడతాను. హాస్టల్ మాట ఎత్తకు.

నీ కుళ్ళు రాశావు కాబట్టి నాదీ రాస్తాను. నీ గదిలో కుట్టుమిషన్ వెలుతురు కోసం పెట్టలేదు. అత్తయ్యగారు డెన్వర్ వెళ్తూ, "వెర్నా గది అలాగే ఉండనీ, దేన్నీ కదపకు" అన్నారు. అందుకే కదిపాను. ఆవిడ నీ గురించి చెప్పడం మొదలుపెడితే భోజనం చల్లారిపోతుంది. నా గురించి ఎవరైనా అడిగితే, "మంచి పిల్ల, గాల్వెస్టన్" అంటారు. అంతే. మిషన్ ఇవాళ ముందు గదిలోకి మార్చాను. కిటికీ దగ్గర నీ బల్ల మళ్ళీ వేశాను.

నిన్న అత్తయ్యగారు వచ్చారు. ఒక కంటికి ఇంకా కట్టుంది, రెండో కంటికి వెలుతురు తప్ప ఏదీ సరిగా ఆనడం లేదు. వారం దాకా ఎవర్నీ కలవనివ్వొద్దన్నాడు డాక్టరు. మామ్మగారిని కూడా గుమ్మంలోంచే పంపించాను. కాబట్టి ఆవిడకి కార్డుల సంగతి ఇంకా తెలియదు.

రాత్రి భోజనమయ్యాక రొట్టె ఒక ముక్క కోసి చేతిలో పెట్టాను. వాసన చూసి, నోట్లో పెట్టుకుని, మెల్లగా నమిలారు.

"వెర్నా ఎప్పుడొచ్చిందే?" అన్నారు.

"రాలేదండి, శుక్రవారం వస్తుంది."

"నాకు తెలియదా దాని చెయ్యి" అని, ఇంకో ముక్క కోసం చెయ్యి చాపారు.

మీ అన్నయ్య నోరు తెరవబోయాడు. బల్ల కింద అతని కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను, ఇవాళ కూడా కుంటుతున్నాడు. ఇది అతను చెప్తే కుదరదు. నేను చెప్తే అసలే కుదరదు. ఆవిడ కుర్చీ ఓవెన్ పక్కన వేశాను. శుక్రవారం రాగానే, బూట్లు విప్పకముందే, వెళ్ళి ఆ చెయ్యి ఎవరిదో, నువ్వు ఏం దాచావో చెప్పు. నేను సామాన్ల గదిలో డబ్బాలు సర్దుతుంటాను. తలుపు తీసే ఉంటుంది. నాకు వినపడేలా చెప్పు.

ఇమొజీన్